మెగాబిట్టు, మెగాబైటు: సంఘములు తప్పక ఎరుగవలసిన కొలత

మన సంఘ సభ్యులలో ధాన్యము కొలుచునపుడు మోసపోవువారు అరుదు. కుంచము నిండినదా లేదా, కాటా ముల్లు నడుమ నిలిచినదా లేదా అని చూడక ఎవ్వరును బస్తాను బండికి ఎత్తనీయరు. ఎరువుల బస్తాపై అచ్చువేసిన తూకమును మరల కాటాపై సరిచూచుకొను మన కార్యదర్శులే, సంఘ కార్యాలయపు ఇంటర్నెట్టు బిల్లుపై నున్న కొలతను మాత్రము చదువకయే సొమ్ము చెల్లించుచున్నారు. ఇది వారి దోషమని మేము తలంపము. ఆ కొలతను వారికి తేటగా విప్పి చెప్పినవారు లేరు. ఆ పనిని ఈ వ్యాసమున చేయబూనితిమి. ఆ కొలతను ఎరుగక మేమును ఒకమారు నష్టపడితిమి గనుక, మొదట ఆ సంగతినే చెప్పెదము.

మా సంఘమున జరిగిన తగాదా

మా కార్యాలయమునకు ఒక కంపెనీవారి వద్ద 40 ఎం.బి.పి.ఎస్. వేగము గల ఇంటర్నెట్టు తీసికొంటిమి. ఖరీఫు అప్పుల కాలము వచ్చెను. సభ్యులు పాసుపుస్తకములు చేతబట్టుకొని వరండాలో నిలిచియుండగా, లోపల కంప్యూటరు తెరపై చక్రము తిరుగుచునే యుండెడిది. మధ్యాహ్నమునకు ముగియవలసిన పని ప్రొద్దు గ్రుంకువరకు సాగెడిది. పొలము పనులు మానుకొని రెండు మూడు దినములు తిరిగినవారు కొందరు విసిగి, ఊరి వడ్డీవ్యాపారి గడప త్రొక్కిన మాటయు మాకు తెలియును. సంఘము పుట్టినదే ఆ గడప తప్పించుటకు గదా!

ఒకనాటి ఉదయమున మా గుమాస్తా ఒక పెద్ద ఫైలును దింపుకొనుచు తెరవంక చూడగా, అక్కడ ‘సెకనుకు 4.8 ఎం.బి.’ అని కనబడెను. నలుబదికి సొమ్ము తీసికొని ఐదైనను ఇచ్చుటలేదని మేమందరము మండిపడితిమి. ఆ మాటలతోనే కంపెనీవారికి తీవ్రముగా లేఖ వ్రాసితిమి. పది దినముల పిదప వచ్చిన ప్రత్యుత్తరమున మూడే పంక్తులుండెను: 4.8 మెగాబైట్లనగా 38.4 మెగాబిట్లు, అది చెప్పిన వేగమునకు సరిపోవుచున్నది, కావున ఫిర్యాదు మూసివేయబడినది.

వారు చెప్పిన లెక్క నిజము. మాది తప్పు. కాని మా కష్టము అబద్ధము కాదు. ఉదయమున వేగము సరిగానే యుండి, సభ్యులు గుమిగూడు మధ్యాహ్న సమయమున అది ఒకటిన్నర మెగాబైట్లకు పడిపోవుచుండెను. ఆ సంగతిని మేము వ్రాయనేలేదు. వ్రాయవలసిన దానిని విడిచి, వ్రాయరాని దానిని వ్రాసితిమి. కొలత పేరు తెలియకపోవుటచే న్యాయమైన ఫిర్యాదు అన్యాయమైనదిగా తేలెను. ఆ నెల అంతయు వరండాలోని జనము వరండాలోనే యుండిరి.

బిట్టనగా నేమి, బైటనగా నేమి

కంప్యూటరు ఎరిగిన గుర్తులు రెండే: సున్న, ఒకటి. అట్టి గుర్తు ఒక్కదానిని బిట్టందురు. సమాచారమును కొలుచుటకు ఇంతకంటె చిన్న మానము వాడుకలో లేదు. ఈ మాటను క్లాడ్ షానన్ అను అమెరికా దేశపు గణితవేత్త 1948లో ప్రచురించిన తన ప్రసిద్ధ వ్యాసమున వాడి, అది జాన్ టుకీ సూచించిన పేరని అందే చెప్పెను.

ఒంటి బిట్టుతో ఒక అక్షరమునైనను తెలుపలేము. కొన్ని బిట్లు కలిసి ఒక కట్టగా నడువవలెను. ఆ కట్టకు బైటు అను పేరును 1956లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచున్న వెర్నర్ బుకోల్జ్ పెట్టెను. బిట్టు అను మాటతో పొరపడకుండుటకై దాని ఇంగ్లీషు వర్ణక్రమమును బుద్ధిపూర్వకముగా మార్చిరట. పేరు పెట్టిననాడే ఊహించిన పొరపాటు ఇన్ని ఏండ్ల తరువాత మా కార్యాలయమునకు వచ్చి చేరినది! మొదట కట్టకు ఇన్ని బిట్లని నియమము లేకుండెను. 1964లో ఆ సంస్థవారు సిస్టం 360 అను యంత్రములను ప్రకటించిన పిదప, ఎనిమిది బిట్లు ఒక బైటు అను లెక్క లోకమున స్థిరపడినది.

ఎనిమిది అను సంఖ్య మన పెద్దలకు క్రొత్తది కాదు. ధాన్యపు కొలతలు ప్రాంతమునకొక రీతిగా నున్నను, సామాన్యముగా రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము. అనగా ఎనిమిది తవ్వలు ఒక కుంచము. బిట్టును తవ్వయనియు, బైటును కుంచమనియు తలంచినచో ఇక మరువనక్కరలేదు. నలుబది తవ్వలు పోసెదనని ఒప్పుకొన్నవాడు ఐదు కుంచములు పోసినచో వాడు మోసగాడు కాడు. నలుబది కుంచములు రాలేదని వానితో కలహించువాడే తెలివిమాలినవాడు. మేము చేసినది సరిగా ఆ పనియే.

మన తెలుగు అక్షరముతోనే దీనిని చూడవచ్చును. ప్రపంచ భాషల లిపులకన్నిటికి సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ అను పద్ధతిలో తెలుగునకును చోటు కలదు. ఇంటర్నెట్టున సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.-8 అను రూపమున ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు గుర్తునకు మూడు బైట్లు కావలెను. ‘రైతు’ అను మాటలో ర, ఐత్వము, త, కొమ్ము అని నాలుగు గుర్తులున్నవి. అవి పండ్రెండు బైట్లు. అనగా తొంబదియారు బిట్లు. ఈ ఒక్క మాట మన కార్యాలయమునుండి బ్యాంకునకు చేరవలెనన్న, తొంబదియారు సున్నలు ఒకట్లు తీగవెంట పోవలెను.

కిలో అనగా వేయి, మెగా అనగా పది లక్షలు, గిగా అనగా నూరు కోట్లు. వేగము చెప్పునప్పుడు ఈ లెక్కయే ఎల్లప్పుడును వాడుదురు. నిలువను చెప్పునప్పుడు మాత్రము కొందరు వేయికి బదులు 1024 చొప్పున లెక్కించు అలవాటు కలదు. అందుచేతనే 500 గిగాబైట్లని కొన్న డిస్కు, కొన్ని కంప్యూటర్లలో 465 గా కనబడును. ఒకప్పుడు పుట్టి అను పేరు ఒక్కటే యైనను, జిల్లా మారిన దానిలో పట్టు ధాన్యము మారెడిది. 1956లో దేశమంతటికి మెట్రిక్ తూనికలను నిర్ణయించు చట్టము వచ్చుటకు ఇట్టి గందరగోళమే ఒక కారణము. కంప్యూటరు కొలతలలోని గందరగోళము తొలగించుటకును 1998లో అంతర్జాతీయ సంఘమువారు 1024 లెక్కకు కిబి, మెబి అను వేరు పేర్లు నిర్ణయించిరి. అవి ఇంకను సంతలోనికి అంతగా రాలేదు.

తెలుగు వ్రాతలో వచ్చు చిక్కు

ఇంగ్లీషువారు ఈ భేదమును ఒక్క అక్షరముతో చూపుదురు. చిన్న బి వ్రాసిన బిట్టు, పెద్ద బి వ్రాసిన బైటు. కనుక వారి కాగితమున శ్రద్ధగా చూచిన వానికి మోసము లేదు. మన తెలుగు లిపిలో చిన్న అక్షరములు పెద్ద అక్షరములు అను భేదము లేదు. రెండును ‘ఎం.బి.’ యే. పలికినను ఒక్క తీరే. ఫోనులో కంపెనీవారు ‘నలుబది ఎం.బి.’ అన్నప్పుడు వారి మనసున తవ్వలుండును, వినువారి మనసున కుంచములుండును. తీర్మానముల పుస్తకమున ‘40 ఎం.బి. ఇంటర్నెట్టు తీసికొనుటకు ఆమోదించడమైనది’ అని వ్రాసినచో, ఆ తీర్మానము దేనిని ఆమోదించినదో రేపు ఆడిటరునకు తెలియదు, ఎల్లుండి మనకే తెలియదు.

కావున మా విన్నపము ఒక్కటి. సంఘముల పుస్తకములలో, ఒప్పందములలో, ఫిర్యాదులలో ‘ఎం.బి.’ అను పొడి అక్షరములను విడిచిపెట్టవలెను. ‘సెకనుకు 40 మెగాబిట్లు’ అని గాని, ‘600 మెగాబైట్లు’ అని గాని పూర్తిగా వ్రాయవలెను. ఒక మాట పెరుగును. ఒక తగాదా తరుగును.

ప్రవాహము వేరు, నిలువ వేరు

రెండవ పొరపాటు ఇంతకంటె విస్తారముగా నున్నది. ‘మా యింట స్పీడు ఒకటిన్నర జి.బి.’ అని చెప్పువారిని దినమును వినుచున్నాము. ఒకటిన్నర గిగాబైట్లనునది వేగము కాదు; అది వారు దినమునకు వాడుకొనదగిన రాశి. కాలువ క్రింద సేద్యము చేయువారికి ఈ భేదము చెప్పనక్కరలేదు. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అది పారుదల. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు, అది నిలువ. జలాశయమున ఇన్ని క్యూసెక్కులున్నవని ఏ రైతును చెప్పడు. కాలువలో ఇన్ని టి.ఎం.సి.ల వేగము పోవుచున్నదనియు చెప్పడు. ఒక క్యూసెక్కు దినమెల్ల పారినచో 86,400 ఘనపుటడుగులగును. రమారమి రెండెకరములపై అడుగు లోతున నిలుచును. 11,574 క్యూసెక్కులు దినమెల్ల పారిన గాని ఒక టి.ఎం.సి. కాదు. పారుదలను కాలముతో హెచ్చించిన నిలువ వచ్చును. సర్వమును ఈ ఒక్క సూత్రమే.

ఇంటర్నెట్టునందు సెకనుకు ఇన్ని మెగాబిట్లనుట క్యూసెక్కుల వంటిది, గిగాబైట్లనుట టి.ఎం.సి.ల వంటిది. ఎం.బి.పి.ఎస్. అను పేరు చివర నున్న రెండక్షరములు ‘సెకనుకు’ అను అర్థమును తెలుపును. ఆ రెండక్షరములు లేనిచో అది వేగమే కాదు.

ఇక ఒక లెక్క చూడుడు. దినమునకు ఒకటిన్నర గిగాబైట్లు గల ఫోను ప్యాకు ఉన్నది. ఒకటిన్నర గిగాబైట్లనగా 1,500 మెగాబైట్లు, అనగా 12,000 మెగాబిట్లు. సెకనుకు 40 మెగాబిట్ల వేగమున వాడినచో 300 సెకనులలో, అనగా ఐదు నిమిషములలో, ఆ దినపు వంతు అయిపోవును. వేగము పెరిగినకొలది గాదె త్వరగా ఖాళీ యగునే గాని, గాదె పెద్దది కాదు. వంతు ముగిసిన పిదప కొన్ని ప్యాకులలో వేగమును సెకనుకు 64 కిలోబిట్లకు తగ్గింతురు. అప్పుడు రెండు మెగాబైట్ల పంట ఫొటో ఒకటి పంపుటకు 250 సెకనులు, అనగా నాలుగు నిమిషములకు పైగా పట్టును. తెగులు సోకిన ఆకు ఫొటోను వ్యవసాయాధికారికి పంపబోయి ‘ఫోను పాడైనది’ అనుకొను రైతు ఎందరో! ఫోను బాగుగనే యున్నది, వంతు ముగిసినది.

సంఘపు పనికి ఎంత వేగము కావలెను

ఇది తెలిసికొనుట మూడు మెట్ల లెక్క. పంపవలసిన దెంతయో మెగాబైట్లలో చూడవలెను. దానిని ఎనిమిదిచే హెచ్చింపవలెను. వచ్చినదానిని వేగముచే భాగింపవలెను. మిగిలినది సెకనులు.

మూడు వందల సభ్యుల కాగితములను స్కాను చేసితిమనుకొనుడు. ఒక్కొక్కరిది రెండు మెగాబైట్లు. మొత్తము 600 మెగాబైట్లు, అనగా 4,800 మెగాబిట్లు. సెకనుకు 40 మెగాబిట్ల చొప్పున అవి 120 సెకనులలో పోవును. 10 చొప్పున ఎనిమిది నిమిషములు. 2 చొప్పున నలుబది నిమిషములు. ఎనిమిదిచే హెచ్చింప మరచినవాడు 600ను 40చే భాగించి పదునైదు సెకనులు చాలునని చెప్పును; రెండు నిమిషములు పట్టగా కంపెనీవారిని తిట్టును.

ఇందు మరియొక జాగ్రత్త కలదు. కాగితములు మన వద్దనుండి పోవునవి. మనకు వచ్చు వేగమును డౌన్‌లోడు అనియు, మననుండి పోవు వేగమును అప్‌లోడు అనియు అందురు. కొన్ని కనెక్షనులలో ఈ రెండును సమానము. మరికొన్నిటిలో పోవు వేగము మిక్కిలి తక్కువ. ప్రకటనలో పెద్ద అక్షరములతో కనబడునది సామాన్యముగా వచ్చు వేగమే. సినిమా చూచువానికి వచ్చు వేగము ముఖ్యము. సంఘమునకు పోవు వేగమును అంతే ముఖ్యము. సంతకము చేయుటకు ముందు రెండు సంఖ్యలను అడిగి వ్రాయించుకొనవలెను.

చెప్పిన వేగము ఏల అందదు

ఇందుకు కారణములు కొన్ని న్యాయమైనవి, కొన్ని కావు. వేరుచేసి తెలిసికొనవలెను.

మొదటిది, కవరు ఖర్చు. సమాచారము చిన్న చిన్న పొట్లములుగా పోవును. ప్రతి పొట్లముపై చిరునామా వ్రాయవలెను. ఆ చిరునామాకును కొన్ని బిట్లు పోవును. అందుచేత 40 మెగాబిట్లను ఎనిమిదిచే భాగించిన 5 వచ్చినను, తెరపై 4.7, 4.8 కనబడుట సహజము. దానిని గూర్చి ఫిర్యాదు తగదు.

రెండవది, ‘వరకు’ అను మాట. ఒప్పందములలో ‘40 వరకు’ అని వ్రాసియుండును. 40 దాటదని దాని అర్థము. 40కి తగ్గదని కాదు. తగ్గిన ఎంతకు తగ్గవచ్చునో ఆ కాగితమున ఉన్నదా లేదా చూడవలెను.

మూడవది, పంపకము. ఒక పిల్లకాలువ క్రింద తూములు హెచ్చినకొలది శివారు చేనికి నీరు తగ్గును. ఒక తీగను పలువురకు పంచుటయు అట్టిదే. అందరును ఒక్కసారి వాడు వేళలో ఎవ్వరికిని పూర్తి వేగముండదు. కొంత పంపకము లేనిదే ఇంత చవుకగా ఇంటర్నెట్టు రాదు. కాని కాలువ మోయగల దానికంటె అధికముగా తూములు వేసినచో అది అన్యాయము.

నాలుగవది, మన యింటిలోని లోపము. కంపెనీవారి తీగ గోడవరకు సరిగానే వచ్చి, అక్కడనుండి గాలిలో పోవు వైఫై బలహీనమై యుండవచ్చును. మా కార్యాలయమున వైఫై పెట్టె లెడ్జర్లు పెట్టు ఇనుప బీరువా వెనుక నుండెను! గాలిలో పోవు తరంగములకు ఇనుము అడ్డుగోడ. ఈ సంగతి తెలిసినపుడు మాకు నవ్వు వచ్చినది, సిగ్గును వేసినది.

ఐదవది, జాప్యము. ఇది వేగము కాదు, వేరొక కొలత. ధవళేశ్వరమున తలుపులెత్తినంతనే శివారు చేలకు నీరు రాదు. కాలువ ఎంత వెడల్పైనను నీరు నడచివచ్చుటకు పట్టు కాలము పట్టును. మనము అడిగిన ప్రశ్న పోయి, జవాబు మరలివచ్చుటకు పట్టు కాలమే జాప్యము. దానిని సెకనులో వేయవ వంతులగు మిల్లీసెకనులలో చెప్పుదురు. భూమికి సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున నున్న ఉపగ్రహము ద్వారా వచ్చు ఇంటర్నెట్టులో, ఆ దూరము పోయి వచ్చుటకే అర సెకను వరకు పట్టును. మెగాబిట్లు ఎన్ని పెంచినను ఆ అర సెకను తగ్గదు.

ఈ సందర్భముననే బ్యాండ్‌విడ్త్ అను మాటను చెప్పవలెను. రేడియో శాస్త్రమున దీని అర్థము, సంకేతములు ఆక్రమించు తరంగముల పట్టీ వెడల్పు. దానిని హెర్ట్జులలో కొలుతురు. ఆ పట్టీ ఎంత వెడల్పైన, అందు చప్పుడు ఎంత తక్కువైన, అన్ని ఎక్కువ బిట్లు పంపవచ్చునని షానన్ 1948లో లెక్కగట్టి చూపెను. అక్కడనుండి వ్యవహారమున ఆ మాట ‘తీగ మోయగల గరిష్ఠ వేగము’ అను అర్థమునకు మారినది. కాలువ వెడల్పుతో పోల్చుట తప్పు కాదు. కాని వెడల్పు కాలువలో ఈ క్షణమున నీరు నిండుగా పారుచున్నదని ఎవ్వరును ప్రమాణము చేయలేరు. బ్యాండ్‌విడ్త్ శక్తి, అందిన వేగము ఫలము. ఫిర్యాదున వ్రాయవలసినది ఫలమును.

ప్రభుత్వమువారి నిర్ణయములు

బ్రాడ్‌బ్యాండ్ అను పేరు పెట్టుటకు కనీస వేగమెంత యుండవలెనో భారత ప్రభుత్వమువారు నిర్ణయించియున్నారు. 2004లో అది సెకనుకు 256 కిలోబిట్లు; 2013లో 512 కిలోబిట్లు; 2023 జనవరిలో దానిని 2 మెగాబిట్లకు పెంచిరి. 2 మెగాబిట్లనగా సెకనుకు 250 కిలోబైట్లు మాత్రమే యని మన పాఠకులిప్పుడు తామే చెప్పగలరు.

గ్రామ పంచాయతీలకు గాజుతీగ వేయుటకు 2011లో ఆమోదించిన పథకమునకు తరువాత భారత్‌నెట్ అని పేరు వచ్చినది. పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్లు అందించుట దాని ఉద్దేశము. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. లెడ్జరు కాగితముపై నున్నంతకాలము మెగాబిట్టు తెలియకున్నను సంఘము నడచినది. లెడ్జరు తీగ అవతలి చివరకు పోయినప్పుడు, ఆ తీగ కొలత తెలియనివాడు తన లెడ్జరు తాళమును పరుల చేత పెట్టినవాడే.

చేయవలసిన పనులు

ఫిర్యాదు వ్రాయుటకు ముందు కంప్యూటరును తీగతో నేరుగా కంపెనీవారి పెట్టెకు కలుపవలెను, వైఫైతో కొలువరాదు. కొలుచునప్పుడు తక్కిన ఫోనులను, కంప్యూటర్లను ఆ కనెక్షనునుండి తప్పింపవలెను. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి, దినమునకు మూడు మారులు, వరుసగా ఏడు దినములు కొలువవలెను. వేగము కొలుచు సాధనములు సామాన్యముగా మెగాబిట్లనే చూపును. ఫైలు దింపుకొను తెర సామాన్యముగా మెగాబైట్లను చూపును. ఏది చూచితిమో ఆ పేరుతోనే వ్రాయవలెను. వచ్చు వేగము, పోవు వేగము, జాప్యము అను మూడు గళ్లు గీసి, తేదీని గంటను చేర్చి, గుమాస్తా సంతకము చేయవలెను. దీనికి ఏ విద్యయు అక్కరలేదు. వర్షపు కొలతను పుస్తకమున వ్రాయు ఓపిక చాలును.

మా సంఘమున రెండవమారు ఈ ప్రకారమే చేసితిమి. మొదట బీరువా వెనుకనున్న పెట్టెను గోడపైకి ఎత్తించితిమి. కొంత మేలు కలిగెను, కాని చాలలేదు. తీగతో ఏడు దినములు కొలిచితిమి. ఉదయము 38 మెగాబిట్లు, రాత్రి 36, మధ్యాహ్నము మాత్రము 11 గాని 12 గాని. ఆ పట్టికను జోడించి, కోపపు మాట ఒక్కటియు లేక, నాలుగు పంక్తుల లేఖ వ్రాసితిమి. ఈమారు మూడు పంక్తుల జవాబు రాలేదు, మనిషియే వచ్చెను. మా వీధి మొగనున్న పెట్టెపై అది మోయదగినదానికంటె అధికముగా కనెక్షనులు వేసియుండిరని తేలెను. మమ్ము వేరొక పెట్టెకు మార్చిరి. ఆ నెల అద్దెలో కొంత తగ్గించిరి.

మొదటి లేఖలో కోపముండెను, కొలత లేకుండెను. రెండవ లేఖలో కొలత యుండెను, కోపము అక్కరలేకపోయెను. కంపెనీవారు మారలేదు, మేమును మారలేదు. వ్రాసిన మాట మారినది. రబీ అప్పుల కాలమున మా వరండాలో నిలిచినవారు మధ్యాహ్న భోజనమునకు ఇండ్లకు పోగలిగిరి.

తక్కిన సంఘములవారు మావలె ఒక నెల పోగొట్టుకొననక్కరలేదు. ఈ సంచిక అందినంతనే తమ ఇంటర్నెట్టు ఒప్పందమును తెరచి, అందున్నది మెగాబిట్టో మెగాబైటో, వేగమో రాశియో, వచ్చునదో పోవునదో చూచి, తీర్మానముల పుస్తకమున పూర్తి మాటలతో వ్రాసికొందురు గాక యని కోరుచున్నాము.